కార్నియా ఆకారం చెడకముందే: గాలిదెబ్బ పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళలో చాలామందికి ఈ పరీక్ష గుర్తుండే ఉంటుంది. గడ్డం చట్రం మీద ఆనించి ఎదురుగా ఉన్న చిన్న వెలుగును చూస్తూ ఉండమంటారు. రెప్ప వేస్తామేమో అని మనం టెన్షన్ పడుతుండగానే టప్పుమని గాలి వచ్చి కంటికి తగులుతుంది. ఉలిక్కిపడి వెనక్కి జరిగేసరికి పరీక్ష ఎప్పుడో అయిపోయి ఉంటుంది. గ్లకోమా అనుమానం ఉన్నప్పుడు చూసే కంటి ప్రెషర్‌ని ఇలా గాలితో కొలిచే పద్ధతిని 1972లో బెర్నార్డ్ గ్రోల్మన్ ప్రకటించాడు. కంటిని తాకే పని లేదు, మొద్దుబార్చే చుక్కలు వేసే పని లేదు. అందుకే అంతగా వాడుకలోకి వచ్చింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళపాటు ఆ గాలిదెబ్బ నుంచి ఒకే ఒక్క అంకె తీసుకుని మిగతాదంతా పారేశారు. ఎంత గాలికి కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, చదునైంది అన్నదొక్కటే అప్పటి అవసరం. చదునయ్యాక అది ఇంకెంత లోపలికి నొక్కుకుంది, ఎంత వేగంగా వెనక్కి వచ్చింది, వస్తూ వస్తూ ఎలా వణికింది అన్నవి ఎవరికీ పట్టలేదు. కార్నియా సడలి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ అనే జబ్బు తొలి జాడలు ఆ పారేసిన దాంట్లోనే ఉన్నాయేమో అని ఇప్పుడు వెతుకుతున్నారు. కొంతవరకు దొరికాయి కూడా. ఎంతవరకు అన్నదే ఈ వ్యాసం.

ఆకారం మారేది ఆఖరున

కంట్లో నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. స్కూలు పుస్తకాల్లో శుక్లపటలం అని చదువుకున్నది ఇదే. మధ్యలో దీని మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. కంటికి ఉన్న మొత్తం ఫోకస్ శక్తిలో దాదాపు మూడింట రెండొంతులు, సుమారు 43 డయాప్టర్లు, ఈ పల్చటి పొరదే. కాబట్టి దీని వంపులో కొద్ది తేడా వచ్చినా చూపు మీద పడుతుంది.

ఆ మందంలో 90 శాతం దాకా స్ట్రోమా అనే భాగం. కొల్లాజెన్ పోగులు పలకలు పలకలుగా, రెండు వందలకు పైగా వరసల్లో పేర్చి ఉంటాయి. ముందు వైపు ఆ పలకలు ఒకదాంట్లోకి ఒకటి దూరి చాపలా అల్లుకుని ఉంటాయి. వెనక్కి వెళ్ళేకొద్దీ అల్లిక తగ్గి, పలకలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు ఉంటాయి. అందుకే కార్నియా బలంలో పెద్ద వాటా ముందు మూడోవంతుది. వీటికి తోడు పోగుకీ పోగుకీ మధ్య రసాయన బంధాలుంటాయి. వయసుతో అవి పెరుగుతాయి కాబట్టి కార్నియా కూడా క్రమంగా గట్టిపడుతుంది.

కెరటోకోనస్‌లో ఈ అల్లిక ఒకచోట సడలుతుంది. అంతటా కాదు, ఒకచోటే. ఎక్కువగా మధ్యభాగానికి కొంచెం కింద, కణత వైపు. నులక మంచంలో ఒకచోట తాళ్ళు వదులైతే ఏమవుతుందో ఊహించుకోండి. పడుకున్న మనిషి బరువంతా అక్కడికే జారుతుంది. అక్కడ తాళ్ళు ఇంకా సాగుతాయి, గుంట లోతవుతుంది, బరువు ఇంకాస్త అక్కడికే వస్తుంది. కంట్లో ఆ బరువు లోపలి ఒత్తిడి. మామూలు కంట్లో అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది, రాత్రీ పగలూ లోపలి నుంచి తోస్తూనే ఉంటుంది. ఒత్తిడి అంతే ఉన్నా పొర పల్చబడితే దాని మీద పడే లాగుడు పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. బలహీనపడ్డచోట పొర సాగి పల్చబడుతుంది, పల్చబడ్డచోట లాగుడు పెరుగుతుంది, దాంతో ఇంకా సాగి ముందుకు పొడుచుకొస్తుంది. సింథియా రాబర్ట్స్, విలియం డప్స్ 2014లో ఈ విషవలయాన్ని సిద్ధాంతంగా వివరించారు. వాళ్ళ వాదనలో కీలకం ఇది: మొదట వచ్చేది ఒకచోటి బలహీనత; పల్చబడటం, వంపు పెరగడం దాని వెంట వచ్చేవి.

ఆ వరస నిజమైతే, ఇన్నాళ్ళూ ఈ జబ్బును పట్టుకుంటున్నది చివరి మెట్టు దగ్గర.

వైద్యం పనిముట్లు చూస్తే అది అర్థమవుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పోర్చుగల్‌కి చెందిన అంటోనియో ప్లాసిడో నలుపు తెలుపు వలయాలున్న పళ్ళేన్ని కంటి ముందు పట్టుకుని, కార్నియాలో వాటి ప్రతిబింబం గుండ్రంగా ఉందా వంకర పోయిందా అని చూసేవాడు. 1980ల్లో కంప్యూటర్లు ఆ వలయాలను రంగుల పటాలుగా మార్చాయి. అదే టోపోగ్రఫీ. అయితే ముందు ఉపరితలం మనల్ని మోసం చేయగలదు. కార్నియా పైన ఎపిథీలియం అనే 50 మైక్రాన్ల చర్మంలాంటి పొర ఉంటుంది. లోపల స్ట్రోమా గడ్డలా లేస్తే ఈ పొర గడ్డ మీద పల్చబడి, చుట్టూ మందమై, పైకి నునుపుగా కనిపించేలా సర్దేస్తుంది. గోడ సొట్టల్ని పుట్టీ కప్పేసినట్టు. అందుకే వెనక ఉపరితలాన్నీ, ప్రతి బిందువు దగ్గరి మందాన్నీ కొలిచే టోమోగ్రఫీ వచ్చాక జబ్బు ఇంకాస్త ముందుగా బయటపడటం మొదలైంది. 2015లో వివిధ దేశాల నిపుణులు కలిసి ప్రకటించిన ఏకాభిప్రాయం కూడా వెనక ఉపరితలం తేడాగా ఉబ్బడం, మందం అసహజంగా తగ్గడం కెరటోకోనస్ నిర్ధారణకు తప్పనిసరి అంది. ఇంత చేసినా కొలుస్తున్నది ఆకారాన్నే. మంచం ఎంత కుంగిందో చూస్తున్నాం గానీ చేత్తో నొక్కి చూడటం లేదు.

ముందుగా తెలిస్తే ఒరిగేదేంటి?

పాతికేళ్ళ క్రితం ఈ ప్రశ్న అడిగి ఉంటే జవాబు నీరసంగానే ఉండేది. తెలిసినా చేయగలిగింది పెద్దగా లేదు. మొదట కళ్ళజోడు, తర్వాత గట్టి కాంటాక్ట్ లెన్స్, ముదిరితే కార్నియా మార్పిడి. 2003లో జర్మనీలో వోలెన్సాక్, స్పోర్ల్, జైలర్ క్రాస్‌లింకింగ్ తొలి ఫలితాలు ప్రచురించాక కథ మారింది. రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, చుక్కలు వేసి కార్నియాను తడిపి, దాని మీద 370 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని అరగంట ప్రసరిస్తారు. కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి పొర బిగుసుకుంటుంది. వయసు ఏళ్ళ తరబడి చేసే పనిని అరగంటలో చేయించడం అన్నమాట. ఈ చికిత్స జబ్బును ఆపుతుంది, జరిగిన నష్టాన్ని పెద్దగా వెనక్కి తిప్పదు. పైగా పాత పద్ధతిలో చేయాలంటే కార్నియా కనీసం 400 మైక్రాన్లు ఉండాలి. కాబట్టి ఎంత ముందు తెలిస్తే అంత చూపు మిగులుతుంది. జబ్బు మొదలయ్యేది టీనేజీలో, ముప్పైలు దాటేదాకా పెరిగే అవకాశం ఉంటుంది. చిన్న వయసులో వస్తే జోరు ఎక్కువ.

రెండో కారణం లేజర్ ఆపరేషన్లు. కళ్ళజోడు వదిలించుకోవడానికి చేసే లేసిక్‌లో కార్నియా ముందు భాగాన్ని పల్చటి మూతలా కోసి, కింద కొంత కణజాలాన్ని తీసేస్తారు. బలంలో పెద్ద వాటా ఆ ముందు మూడోవంతుదేనని పైన చెప్పుకున్నాం కదా. గట్టి కార్నియా ఆ కోతను తట్టుకుంటుంది. పైకి బాగానే కనిపిస్తూ లోపల సడలి ఉన్నది తట్టుకోలేక, నెలలకో ఏళ్ళకో ముందుకు ఉబ్బుతుంది. దీన్ని ఎక్టేషియా అంటారు. లేసిక్ తర్వాత ఇలా జరిగిన కేసులను జైలర్ బృందం 1998లో బయటపెట్టింది. అరుదైనదే. కానీ ఆరోగ్యంగా ఉన్న కంటితో కుర్చీలో కూర్చున్న మనిషికి ఇది జరిగితే అరుదు అన్న మాట ఏమాత్రం ఊరటనివ్వదు. కార్నియా బలాన్ని కొలిచే యంత్రాల వెనక ఉన్న తొందరలో సగం ఇదేనని నా నమ్మకం.

జబ్బు ఎంతమందికి ఉందన్న లెక్క కూడా ఈ చూసే పద్ధతుల్ని బట్టే మారుతూ వచ్చింది. అమెరికాలోని మిన్నెసోటాలో పాత రికార్డుల మీద చేసి 1986లో ప్రచురించిన అధ్యయనం లక్షకు సుమారు 54 మంది అంది. నెదర్లాండ్స్‌లో 2017 నాటి లెక్క ప్రకారం 375 మందిలో ఒకరు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఇరవై ఏళ్ళ యువతకి టోమోగ్రఫీ చేస్తే 84 మందిలో ఒకరికి కనిపించింది. దేశాలు వేరు, వయసులు వేరు, పద్ధతులు వేరు కాబట్టి వీటిని పక్కపక్కన పెట్టి జబ్బు ఇన్ని రెట్లు పెరిగింది అనకూడదు. పెరిగింది ప్రధానంగా మన చూపే.

రెండు చదునుల మధ్య తేడా

గాలిదెబ్బలో పారేసిన సమాచారాన్ని మొదట ఏరుకున్న యంత్రం ఆక్యులర్ రెస్పాన్స్ అనలైజర్. డేవిడ్ లూస్ దాని గురించి 2005లో రాశాడు. ఆలోచన చాలా సింపుల్. గాలి తగలగానే కార్నియా లోపలికి వెళ్తూ ఒక క్షణంలో చదునవుతుంది. ఇంకా నొక్కుకుని చిన్న గుంటవుతుంది. గాలి తగ్గాక వెనక్కి వస్తూ ఇంకోసారి చదునవుతుంది. వెళ్ళేటప్పుడు చదునైన ఒత్తిడి, వచ్చేటప్పుడు చదునైన ఒత్తిడి ఒకటిగా ఉండవు. కార్నియా శుద్ధమైన స్ప్రింగ్ అయితే ఒకటే ఉండాలి. అది స్ప్రింగ్ మాత్రమే కాదు, కొంత జిగట కూడా. నొక్కిన శక్తిలో కొంత మింగేస్తుంది. ఆ రెండు ఒత్తిళ్ళ తేడాకే హిస్టెరిసిస్ అని పేరు. ఆరోగ్యంగా ఉన్న కళ్ళలో అది సగటున 10, 11 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది.

కెరటోకోనస్ కళ్ళలో ఈ అంకె తక్కువగా వచ్చింది. అందరూ సంబరపడ్డారు. ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. సగటులు చూస్తే తేడా స్పష్టం, కానీ డాక్టరు ముందు కూర్చునేది సగటు కాదు, ఒక మనిషి. మామూలు కళ్ళ అంకెలూ తొలిదశ జబ్బు కళ్ళ అంకెలూ ఒకదాని మీద ఒకటి ఎంతగా పడ్డాయంటే, 9.5 వచ్చిన కంటిని ఏ గుంపులో వేయాలో చెప్పడం కుదరలేదు.

అంతకంటే ఆసక్తికరమైన చిక్కు క్రాస్‌లింకింగ్ దగ్గర వచ్చింది. చికిత్స చేస్తే కార్నియా గట్టిపడుతుందని ప్రయోగశాలలో పరీక్షించి చూశారు. మరి చికిత్స తర్వాత హిస్టెరిసిస్ పెరగాలి కదా? చాలా అధ్యయనాల్లో చెప్పుకోదగ్గంత మార్పే రాలేదు. యంత్రం తప్పా, చికిత్స తప్పా అని తలలు పట్టుకున్నాక తేలిందేమిటంటే, తప్పు మన ఊహది. హిస్టెరిసిస్ గట్టిదనానికి కొలత కాదు. తలుపుకి బిగించిన స్ప్రింగ్ వేరు, అది దభాల్న పడకుండా ఆపే నూనె గొట్టం వేరు. ఈ అంకె ఎక్కువగా చెప్పేది ఆ నూనె గొట్టం గురించి. స్ప్రింగ్ ఎంత బిగువుగా ఉందో దాన్ని బట్టి చెప్పలేం. కార్నియా బలం అని మనం ఒక్క మాటలో అంటున్నదాంట్లో కనీసం రెండు గుణాలున్నాయని ఆ దెబ్బతో అందరికీ తెలిసొచ్చింది.

ఇంతా చేసి ఈ అంకె వృథా పోలేదు. హిస్టెరిసిస్ తక్కువ ఉన్నవాళ్ళలో గ్లకోమా వేగంగా ముదిరే అవకాశం ఎక్కువని తర్వాత తెలిసింది. ఒక జబ్బులో నిరాశపరిచిన కొలత ఇంకో జబ్బుకి పనికొచ్చింది.

సెకనుకి 4,330 ఫొటోలు

తర్వాత వచ్చిన కోర్విస్ ఎస్‌టీ అనే యంత్రం గాలి కొడుతూనే సినిమా తీస్తుంది. కార్నియాను మధ్యగా అడ్డంగా కోసి ఆ కోతను చూసినట్టు, 8.5 మిల్లీమీటర్ల మేర, సెకనుకి 4,330 ఫొటోల వేగంతో. మొత్తం వ్యవహారం దాదాపు 30 మిల్లీసెకన్లలో ముగుస్తుంది, 140 ఫొటోలు మిగులుతాయి. రెప్ప వేయడానికి పట్టే సమయం కంటే ఇది చాలా తక్కువ, అందుకే మనం ఉలిక్కిపడేలోపే అయిపోతుంది.

ఆ సినిమాను నెమ్మదిగా నడిపి చూస్తే ముచ్చటేస్తుంది. విల్లులా వంగి ఉన్న తెల్లటి గీత మధ్యలో చదునై, పళ్ళెంలా లోపలికి గుంటపడి, గుంట అంచులు రెండుపక్కలా గట్టుల్లా లేచి, అడుగున ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వెనక్కి ఎగసి వస్తుంది. గుంట లోతు ఒక మిల్లీమీటరు అటూఇటూ. ఇందులో డాక్టర్లు వెతికేది ముఖ్యంగా గుంట ఆకారం. గట్టి కార్నియా నొక్కితే చుట్టుపక్కల భాగాన్ని కూడా తనతో లోపలికి తీసుకెళ్తుంది, గుంట వెడల్పుగా, లోతు తక్కువగా వస్తుంది. మెత్తటిదైతే మధ్యలో మాత్రం లోతుగా దిగిపోతుంది, పక్కలు ఉన్నచోటే ఉండిపోతాయి. మధ్యలో లోతు, రెండు మిల్లీమీటర్ల పక్కన లోతు – ఈ రెంటి నిష్పత్తి ఎక్కువగా ఉంటే పొర మెత్తబడిందని అనుమానం. గుంట ఎంత కోసుగా ఉందో చెప్పే కొలత ఇంకొకటి. చదును చేయడానికి ఎంత బలం పట్టిందో చెప్పేది మరొకటి.

ఇక్కడ ఆగి ఒక సంగతి తేల్చుకోవాలి. గాలిబంతిని వేలితో నొక్కితే ఎంత లోపలికి వెళ్తుంది? అది రబ్బరు నాణ్యత మీద ఆధారపడుతుంది. రబ్బరు మందం మీదా ఆధారపడుతుంది. లోపల ఎంత గాలి నింపారన్నదాని మీద అన్నిటికంటే ఎక్కువగా ఆధారపడుతుంది. కంటికీ అంతే. లోపలి ఒత్తిడి ఎక్కువ ఉన్న కన్ను గాలిదెబ్బకి తక్కువ లొంగుతుంది, పొర మెత్తగా ఉన్నా సరే గట్టిదానిలా నటిస్తుంది. గ్లకోమా చుక్కలు మొదలుపెట్టి ఒత్తిడి తగ్గిస్తే అదే కార్నియా హఠాత్తుగా మెత్తబడినట్టు కనిపిస్తుంది. పుట్టుకతోనే పల్చటి కార్నియా, అల్లిక మాత్రం శుభ్రంగా ఉన్నవాళ్ళు కూడా అనుమానితుల జాబితాలో చేరిపోతారు. యంత్రం కొలిచేది మొత్తం కన్ను ఇచ్చిన జవాబు. మనకి కావలసింది అందులో పదార్థం వాటా ఎంత అన్నది. ఈ రెంటినీ విడదీయడమే అసలు కష్టం.

విడదీసే ప్రయత్నాలు జరిగాయి. మందం, వయసు ప్రభావాలను సవరించి ఒత్తిడిని విడిగా చెప్పే లెక్క ఒకటి వచ్చింది. మందంతో, ఒత్తిడితో సంబంధం లేకుండా కేవలం పదార్థం ఎంత గట్టిదో చెప్పాలన్న లక్ష్యంతో 2019లో స్ట్రెస్-స్ట్రెయిన్ ఇండెక్స్ అనే సూచిక వచ్చింది. కంప్యూటర్లో వందలాది నమూనా కళ్ళ మీద గాలి కొట్టి చూసి తయారుచేసిన సూత్రం అది. దిశ సరైనదే. అయితే కంటికంతటికీ కలిపి ఒకే అంకె ఇస్తే, ఒక మూల మాత్రమే సడలే జబ్బు ఆ సగటులో కరిగిపోవచ్చు. పైగా కెమెరా తీసేది కార్నియా మధ్యగా పోయే ఒక్క అడ్డ కోత. జబ్బు మొదలయ్యేదేమో తరచుగా ఆ గీతకి కిందుగా.

సీబీఐ, టీబీఐ, ఒక చిన్న అభ్యంతరం

ఒక్కో కొలతా ఒంటరిగా చాలడం లేదని తేలాక, అన్నిటినీ కలిపి ఒక మార్కుగా ఇవ్వడం మొదలైంది. 2016లో విన్సిగ్వేరా బృందం ఇచ్చినది కార్నియల్ బయోమెకానికల్ ఇండెక్స్, పొట్టిగా సీబీఐ. (దర్యాప్తు సంస్థతో సంబంధం లేదు, పని మాత్రం కాస్త అలాంటిదే.) సున్నాకీ ఒకటికీ మధ్య వస్తుంది. 0.5 దాటితే అనుమానం. 2017లో రెనాటో అంబ్రోసియో, మరికొందరు దీన్ని టోమోగ్రఫీ వివరాలతో కలిపి, మెషీన్ లెర్నింగ్ పద్ధతితో టీబీఐ అనే మార్కు తయారుచేశారు. ఆకారం, బలం రెండూ కలిసిన మార్కు. స్పష్టంగా జబ్బు ఉన్న కళ్ళను 0.79 గీత దగ్గర తప్పు లేకుండా విడదీసింది. అసలు పరీక్ష అది కాదు, అలాంటివాటిని టోపోగ్రఫీయే పట్టేస్తుంది. ఆకారం మామూలుగానే కనిపించే తొలిదశ కళ్ళకి గీతను 0.29కి దించితే, నూటికి 90కి పైగా పట్టుకుంది, ఆరోగ్యంగా ఉన్న కళ్ళలో 96 శాతాన్ని సరిగ్గా వదిలేసింది. వేరే దేశాల్లో వేరే బృందాలు తమ రోగుల మీద చూసుకున్నప్పుడు ఫలితాలు సాధారణంగా ఇంతకంటే తగ్గాయి, గీత ఎక్కడ గీయాలన్నదీ మారింది. ఏ డేటాతో నేర్చుకుందో ఆ డేటా మీద మార్కు మెరవడం, బయటికొచ్చాక కాస్త మసకబారడం ఇలాంటి సూచికలన్నిటికీ ఉన్నదే.

నా అభ్యంతరం వేరే ఉంది. సీబీఐ అన్న పేరులో బయోమెకానికల్ అని ఉన్నా, లోపల కలిపిన కొలతల్లో కార్నియా మందం మధ్య నుంచి అంచుకి ఎలా పెరుగుతుందో చెప్పేది ఒకటి ఉంది. అది ఆకారానికి సంబంధించిన కొలత, బలానికి కాదు. దాన్ని టోమోగ్రఫీతో మళ్ళీ కలిపి టీబీఐ చేసినప్పుడు మందం రెండు తలుపుల్లోంచి లోపలికి వచ్చినట్టే. కనిపెట్టడానికి ఇది అడ్డు కాదు, పనిచేస్తే చాలు అనుకునేవాళ్ళకి ఇబ్బందీ లేదు. కానీ సీబీఐ ఎక్కువ వచ్చింది కాబట్టి కార్నియా బలహీనంగా ఉందని తేలింది అని ఎవరైనా అంటే, అది సగం నిజం. బలహీనంగా ఉండొచ్చు, లేదా పల్చగా మాత్రమే ఉండొచ్చు.

సరైన జవాబు ఎవరి దగ్గర ఉంది?

ఈ మొత్తం రంగంలో నాకు అన్నిటికంటే లోతుగా కనిపించే చిక్కు యంత్రాలది కాదు. తొలిదశ జబ్బును పట్టే పరీక్షను పరీక్షించాలంటే, తొలిదశ జబ్బు ఉన్న కళ్ళు కావాలి. ఆకారంలో ఇంకా ఏమీ కనిపించని జబ్బు ఆ కంట్లో ఉందని మనకెలా తెలుస్తుంది? ఏ పరీక్షా చెప్పలేదు కాబట్టే కదా కొత్త పరీక్ష కోసం చూస్తున్నది!

దీనికి పరిశోధకులు ఒక తెలివైన దారి పట్టారు. కెరటోకోనస్ రెండు కళ్ళకీ వచ్చేదే, కాకపోతే ఒకటి ముందు, ఇంకొకటి వెనక. కాబట్టి ఒక కన్ను స్పష్టంగా చెడి, రెండోది మాత్రం పటాల్లో మామూలుగా కనిపించే మనుషుల్ని వెతికి, ఆ రెండో కంటినే తొలిదశ కన్నుగా లెక్కపెడతారు. పైన చెప్పిన 90 శాతం అలాంటి కళ్ళ మీద వచ్చిందే. దారి బాగానే ఉంది గానీ అందులో ఒక గుంట ఉంది. 2015 ఏకాభిప్రాయమే, అసలు కెరటోకోనస్ ఒక్క కంటికే పరిమితం కాదంటూనే, యాంత్రిక కారణాల వల్ల ఒక కంటికి మాత్రమే ఎక్టేషియా రావచ్చు అని కూడా చెప్పింది. ఎప్పుడూ ఒక కన్నే గట్టిగా నలిపే అలవాటున్న మనిషిని తీసుకోండి. అతని రెండో కన్ను నిజంగానే ఆరోగ్యంగా ఉండొచ్చు. యంత్రం దాన్ని మామూలు కన్ను అంటే, అది సరైన జవాబా, తప్పిపోయిన కేసా? పరిశోధన పత్రంలో తప్పుగా లెక్కకొస్తుంది. తేల్చగలిగేది కాలమే: అలాంటి కళ్ళను ఏళ్ళ తరబడి చూస్తూ ఉండాలి. అంత ఓపికగా చేసిన పరిశీలనలు తక్కువ.

దీనికి తోడు అంకెల మాయ ఒకటుంది. పరీక్ష 90 శాతం పట్టుకుంటుంది, 96 శాతం సరిగ్గా వదిలేస్తుంది అనుకుందాం. వెయ్యిమందిని పరీక్షిస్తే వాళ్ళలో పదిమందికి జబ్బు ఉందనుకుందాం. పదిలో తొమ్మిదిమంది దొరుకుతారు. మిగిలిన 990 మంది ఆరోగ్యవంతుల్లో 4 శాతం, అంటే దాదాపు 40 మందికి, రిపోర్టులో తప్పుగా ఎర్రరంగు, అంటే అనుమానం గుర్తు, వస్తుంది. ఎర్రరంగు వచ్చిన 49 మందిలో నిజంగా జబ్బున్నది తొమ్మిదిమందికే. అంత మంచి పరీక్ష అయినా, అనుమానం చూపిన ఐదుగురిలో నలుగురికి ఏమీ ఉండదు. అదే పరీక్షను అన్నకి కెరటోకోనస్ ఉన్న తమ్ముడికో, ఏడాదిలో రెండుసార్లు సిలిండర్ పవర్ మారిన కుర్రవాడికో చేస్తే ఎర్రరంగుకి ఉండే బరువే వేరు. పరీక్ష మారలేదు, ఎవరికి చేశామన్నది మారింది.

తాకకుండా, ఊదకుండా

గాలి కొట్టకుండానే పదార్థం గట్టిదనాన్ని చూసే దారి కూడా ఉంది. ప్రతి పదార్థంలోనూ అణువుల కదలిక వల్ల కంటికీ చెవికీ అందని శబ్దతరంగాలు నిరంతరం పుడుతూ ఉంటాయి. వాటికి తగిలి వెనక్కి వచ్చిన కాంతి రంగులో అతి సూక్ష్మమైన మార్పు వస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త లియోన్ బ్రిలువాన్ 1922లో చెప్పాడు. పదార్థం గట్టిగా ఉంటే శబ్దం అందులో వేగంగా పోతుంది, రంగు మార్పు పెరుగుతుంది. కార్నియాలో ఆ మార్పు కొన్ని గిగాహెర్ట్జ్‌లు. కాంతి పౌనఃపున్యం ముందు అది లెక్కలోకి రానంత చిన్నది, అయినా కొలవగలరు. గ్యులియానో స్కార్సెల్లి, సోక్ హ్యూన్ యున్ 2008లో దీన్ని సూక్ష్మదర్శినితో కలిపి, తర్వాత కార్నియా మీదికి తెచ్చారు.

దీని అందం ఏమిటంటే, సగటు కాదు, చోటు చోటుకీ విడిగా చెబుతుంది. మార్పిడి ఆపరేషన్లలో తీసేసిన కెరటోకోనస్ కార్నియాలను 2014లో ఇలా చూసినప్పుడు, కోన్, అంటే పొడుచుకొచ్చిన భాగం, ఉన్న చోట మెత్తగా, కోన్‌కి దూరంగా మామూలు కార్నియాలానే ఉన్నట్టు తేలింది. జబ్బు ఒకచోటిదే అన్న వాదనకి ఇంతకంటే మంచి సాక్ష్యం అప్పటికి లేదు. ఇబ్బందులూ ఉన్నాయి. ఈ పద్ధతిలో వచ్చే అంకె కణజాలంలో ఎంత నీరుందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. అది కొలిచే గట్టిదనం, సాగదీసి చూస్తే తెలిసే గట్టిదనం రెండూ ఒకటి కావు. నిజానికి కార్నియా గట్టిదనం ఇంత అని ఒక అంకె లేనే లేదు. ఎలా కొలిచారు, ఎంత వేగంగా లాగారు అన్నదాన్ని బట్టి ప్రచురించిన విలువలు కిలోపాస్కళ్ళ నుంచి మెగాపాస్కళ్ళ దాకా, వెయ్యి రెట్ల తేడాతో ఉన్నాయి.

చేతిలో రిపోర్టు ఉంటే

ఎర్రరంగు ఉన్న కాగితం చేతికొస్తే చాలామంది అదే రాత్రి ఇంటర్నెట్‌లో కార్నియా మార్పిడి గురించి చదవడం మొదలుపెడతారు. మొదట అడగాల్సిన ప్రశ్నలు చిన్నవి. పరీక్షకి ముందు కాంటాక్ట్ లెన్సులు ఎన్నిరోజులు ఆపారు? లెన్సు, ముఖ్యంగా గట్టిది, కార్నియా ఆకారాన్ని తాత్కాలికంగా మారుస్తుంది. కన్ను బాగా పొడిబారి ఉందా? కంటి ప్రెషర్ ఎంత, దానికి చుక్కలు వాడుతున్నారా? యంత్రమే ఇచ్చే క్వాలిటీ మార్కు సరిగ్గా ఉందా, రెండోసారి తీస్తే అదే అంకె వచ్చిందా? రెండు కళ్ళ మధ్య తేడా ఎంత?

లేజర్ ఆపరేషన్ కోసం వెళ్ళినవాళ్ళకి ఈ అనుమానం ఎక్కువ బరువైనదే. ఎర్రరంగు తప్పే కావచ్చు, కానీ ఆ ఆపరేషన్ అత్యవసరం కాదు, ఆగితే పోయేదేమీ లేదు. క్రాస్‌లింకింగ్ విషయంలో లెక్క తిరగబడుతుంది. ఒక్క మార్కు చూసి చికిత్సకి దిగరు; సాధారణంగా జబ్బు పెరుగుతున్నట్టు చూపించమంటారు. ముందు వంపు పెరగడం, వెనక వంపు పెరగడం, మందం తగ్గడం – ఈ మూడింటిలో కనీసం రెండు నిలకడగా మారుతుంటే జబ్బు పెరుగుతోందని 2015 ఏకాభిప్రాయం. పిల్లల్లో జబ్బు పరుగు పెడుతుంది కాబట్టి చాలామంది డాక్టర్లు అంతదాకా ఆగరు.

ఈలోగా మన చేతిలో ఉన్నది ఒకటుంది: కళ్ళు నలపడం మానడం. కెరటోకోనస్‌తో దానికున్న సంబంధం బలమైనది. ఎలర్జీతో దురద ఉంటే దానికి మందు వాడుకోవాలి గానీ పిడికిలితో రుద్దకూడదు. మంచం సడలిందేమో అని అనుమానం ఉన్నప్పుడు దాని మీద గెంతం కదా.

మూడు నెలలకో ఆరు నెలలకో మళ్ళీ రమ్మంటారు. అప్పుడు వీలైతే అదే యంత్రం మీద పరీక్ష చేయించుకోండి. ఒక కంపెనీ యంత్రం ఇచ్చిన మందాన్ని, వంపుని ఇంకో కంపెనీ యంత్రం ఇచ్చిన వాటితో పోల్చితే, కన్ను మారకపోయినా మారినట్టు కనిపించవచ్చు. డాక్టరు మారాల్సి వస్తే పాత రిపోర్టు ప్రింటుతో పాటు, అది ఏ యంత్రం మీద, ఏ తేదీన, లెన్సు ఆపిన ఎన్నో రోజున తీసిందో దాని వెనకే రాసిపెట్టుకోండి.